పూరకం అన్న పేరు – గత్తరతో మొదలైన కథ

ఓరుగల్లు చుట్టుపట్ల పల్లెల్లో 'గత్తర' అన్న మాట ఇప్పటికీ తిట్టుగా బతికి ఉన్నది. మా మొగుళ్లపల్లి వైపు కూడా అంతే. 2016లో భూపాలపల్లి జిల్లా ఏర్పడేదాకా ఇదీ వరంగల్లు జిల్లాలోని ఊరే కదా! పెద్దవయసు స్త్రీలకు కోపం వస్తే 'నిన్ను గత్తర గొట్ట' అంటారు. తిట్టేవారికీ తిట్టు తినేవారికీ అది ఒక రోగం పేరన్న స్పృహ నేడు అంతగా ఉండదు. ఆయుర్వేద గ్రంథాలలోని విషూచి, కోస్తా జిల్లాల వారి మరిడి, పాఠ్యపుస్తకాలలోని కలరా, మా గత్తర అన్నీ ఒకటే. గత్తర సోకితే ఊరు ఊరంతా ఇళ్ళకు తడికలు పెట్టి, పొలాల్లోకి తరలిపోయి, గుడిసెలు వేసుకొని కాలం గడిపేవారని మా పెద్దలు చెప్పేవారు. ఊరు విడిచి పోవడమే వారికి తెలిసిన మందు. చెరువునీటికి దూరమయ్యేవారు కనుక, కారణం తెలియకపోయినా ఆ మందులో కొంత గుణం లేకపోలేదు.

ఈ గత్తరకూ, నేటి ఆసుపత్రుల రక్తపరీక్ష కాగితాలలో 'సి3, సి4' అని కనిపించే అంకెలకూ దగ్గరి చుట్టరికం ఉన్నది. ఆ అంకెలు మన రక్తంలోని ఒక రక్షణ వ్యవస్థకు చెందినవి. దాని పేరు కాంప్లిమెంట్. తెలుగులో పూరక వ్యవస్థ. శాస్త్రంలో నేను నిపుణుణ్ణి కాను, పదాల మనిషిని. నన్ను ఈ కథలోకి లాగినది ఆ పేరే. ఒక పేరు తొందరపడి పెడితే ఎంత దూరం దారి తప్పిస్తుందో, ఒక మనిషిని ఎంత బాధపెడుతుందో ఇందులో కనిపించింది.

1817లో బెంగాలులోని జెస్సోరు ప్రాంతంలో చెలరేగిన కలరా, మరుసటి ఏడు దక్కనునూ మద్రాసునూ ముట్టడించింది. ఆ శతాబ్దమంతా అది అలలు అలలుగా ప్రపంచాన్ని చుట్టింది. రాబర్ట్ కోఖ్ అనే జర్మను వైద్యుడు ముందు ఈజిప్టులోనూ, తరువాత 1884 తొలినాళ్ళలో కలకత్తాలోనూ పరిశోధించి, కామా గుర్తులా వంకర తిరిగిన క్రిమిని రోగుల పేగుల్లోనే కాక ఒక చెరువు నీటిలో కూడా పట్టుకున్నాడు. మన చెరువుల మీద మోపిన నేరం అది!

పదేళ్ళ తరువాత, 1894లో, బెర్లినులో కోఖ్ సంస్థలోనే పనిచేస్తున్న రిచర్డ్ ఫైఫర్ ఒక వింత చూశాడు. ముందే కలరా క్రిములకు అలవాటుపడిన గినీపంది పొట్టకుహరంలోకి బతికిన క్రిములను ఎక్కించి, కొంతసేపటికొకసారి ఆ ద్రవాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. చురుకుగా ఈదుతున్న క్రిములు ఆగిపోయాయి, ఉబ్బి గుండ్రని రేణువులయ్యాయి, చివరకు కరిగిపోయాయి. వాటిని ఏ కణమూ మింగలేదు. ద్రవమే వాటిని కరిగించింది.

ఆ ద్రవంలో ఏమున్నది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవాడు బెల్జియం నుంచి ప్యారిస్ పాశ్చర్ సంస్థకు వచ్చిన ఝూల్ బోర్డే. 1895 నాటికి అతనికి పాతికేళ్ళు. గినీపంది పొట్ట అవసరం లేకుండా, గాజు గొట్టంలోనే ఆ వింతను జరిపించాడు. రోగనిరోధం పొందిన జంతువు సీరాన్ని 55, 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాసేపు వేడిచేస్తే దానికి క్రిములను కరిగించే శక్తి పోతుంది. దానికి ఏ రోగమూ ఎరుగని మామూలు జంతువు తాజా సీరం కొద్దిగా కలిపితే పోయిన శక్తి తిరిగి వస్తుంది. విడిగా ఆ తాజా సీరం కలరా క్రిమిని పెద్దగా ఏమీ చేయలేదు. అంటే పని చేసేవి రెండు: ఒకటి వేడికి నిలిచేది, రోగంతో పరిచయం వల్ల పుట్టేది; రెండవది వేడికి చెడేది, అందరి రక్తంలోనూ పుట్టుకతో ఉండేది. మొదటిదాన్ని నేడు యాంటీబాడీ అంటున్నాం. రెండవదే మన కథానాయకం.

ఇది కొత్తది కూడా కాదు. 1888లోనే జార్జ్ నట్టాల్, క్రిములను చంపే గుణం మామూలు రక్తానికే ఉన్నదనీ, వేడిచేస్తే అది పోతుందనీ చూపించాడు. హాన్స్ బుఖ్నర్ ఆ గుణానికి 'అలెక్సిన్' అని పేరు పెట్టాడు. కాపాడేది అని దాని అర్థం. బోర్డే జీవితాంతం ఆ పేరునే వాడాడు. కాని 1899లో పాల్ ఎర్లిఖ్ దానికి 'కాంప్లిమెంట్' అని మరో పేరు పెట్టాడు. యాంటీబాడీ చేసే పనిని పూర్తిచేసేది అని భావం. ఎర్లిఖ్ పలుకుబడి ముందు అలెక్సిన్ నిలవలేకపోయింది. 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి బోర్డేకు దక్కింది గాని, పేరు మాత్రం ఎర్లిఖ్‌దే మిగిలింది.

ఇక్కడ పదాల మనిషిగా నాకొక అభ్యంతరం. 'పూరకం' అనగానే మనకు పూరక కోణాలు గుర్తుకువస్తాయి. ఆ రెండు కోణాలలో ఏది గొప్ప అన్న ప్రశ్న లేదు. సమస్యాపూరణంలో పూరణమే కవిత్వం, ఇచ్చిన సమస్య కేవలం ఒక కొక్కెం. కాని ఛందస్సులో పాదపూరణం అని మరొకటి ఉన్నది. గణం నిండడానికి ఒక 'చ'నో, ఒక 'వై'నో తగిలిస్తే అది పాదపూరణం. దానికి అర్థం వెతకకూడదు. ఎర్లిఖ్ పేరు పెట్టినప్పుడు సమస్యాపూరణమనే అనుకొని ఉండవచ్చు. తరువాతి వారు మాత్రం దాన్ని పాదపూరణం స్థాయికి దించారు. యాంటీబాడీ పిలిస్తే వస్తుంది, పిలవకపోతే ఊరకుంటుంది అన్నారు. అరవై ఏళ్ళు అదే పాఠం.

యాంటీబాడీ పిలిచే దారి వివరంగా తెలియడానికి ఆ కాలమంతా పట్టింది. క్రిమికి యాంటీబాడీలు అంటుకోగానే సి1 అనే ప్రోటీను వాటిమీద వాలుతుంది. అది సి4నూ సి2నూ చీలుస్తుంది. ఆ ముక్కలు కలిసి సి3ని చీలుస్తాయి. సి3 చీలిన ముక్క క్రిమి ఒంటికి గట్టిగా అతుక్కొని, మింగే కణాలకు గుర్తుగా నిలుస్తుంది. మరికొన్ని చిన్న ముక్కలు రక్తనాళాలను సడలించి తెల్లకణాలను రప్పిస్తాయి. గాయం చుట్టూ ఎర్రబడి వాచడంలో వీటికీ భాగమున్నది. ఆ తరువాత సి5 చీలి, సి6, సి7, సి8 వరుసగా చేరి, చివర సి9లు అనేకం గుండ్రంగా నిలిచి క్రిమి పొరలో రంధ్రం పొడుస్తాయి. ఫైఫర్ చూసిన కరగడం అదే. ఒకటి, నాలుగు, రెండు, మూడు అన్న ఈ వరుస చూసి చదువరులు నన్ను తప్పుపట్టకండి. అంకెలు కనుగొన్న క్రమాన్నిబట్టి పడ్డాయి. పని క్రమం వేరు. ఒకటవ తరగతి పిల్లవాడు ఇలా రాస్తే మేము చెవి మెలిపెట్టేవాళ్ళం!

ఇక అసలు మనిషి. లూయీ పిల్లెమర్ 1908లో జోహాన్నెస్‌బర్గులో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, క్లీవ్‌లాండులోని వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో కాంప్లిమెంటు ప్రోటీన్లను శుద్ధిచేసే పనిలో పేరు తెచ్చుకున్నాడు. ఈస్టు కణాల గోడనుంచి తీసిన జైమోసాన్ అనే పదార్థాన్ని మామూలు సీరంలో కలిపితే సి3 ఖర్చయిపోతుందని అప్పటికే తెలుసు. పిల్లెమర్ దాన్ని తక్కువ ఉష్ణోగ్రతలో, 17 డిగ్రీల దగ్గర కలిపి చూశాడు. అప్పుడు సి3 ఖర్చు కాలేదు గాని, సీరంలోనుంచి మరేదో ఒక ప్రోటీను జైమోసానుకు అంటుకొని బయటికి వచ్చింది. అది లేని సీరంలో జైమోసాన్ ఇక సి3ని కదిలించలేకపోయింది. నాశనం చేయడం అనే అర్థంగల లాటిను ధాతువు నుంచి దానికి 'ప్రొపర్డిన్' అని పేరు పెట్టి, 1954లో 'సైన్స్' పత్రికలో ప్రకటించాడు. యాంటీబాడీ పిలవకుండానే పూరకం కదులుతుందన్నది అతని వాదం. అంటే పాదపూరణం అనుకున్నది తనంతట తానే పద్యం చెబుతుందన్నమాట!

పత్రికలు దాన్ని ఆకాశానికెత్తాయి. తోటి శాస్త్రజ్ఞులు మాత్రం సందేహించారు. రాబర్ట్ నెల్సన్ అనే పరిశోధకుడు, ఇదంతా మామూలు సీరంలో సహజంగా ఉండే యాంటీబాడీల చలవేనని వాదించాడు. అతని వ్యాసం 1958లో అచ్చయింది. కొట్టిపారేయదగిన వాదం కాదది. సీరంలో సూక్ష్మమోతాదులో యాంటీబాడీలు లేవని నిరూపించే సాధనాలు ఆనాడు లేవు. నెల్సన్‌ను దుర్మార్గుడిగా చిత్రించేవారితో నేను ఏకీభవించను. అతడు అడగవలసినదే అడిగాడు. అయితే ఆ వ్యాసం వెలువడేనాటికి జవాబు చెప్పడానికి పిల్లెమర్ లేడు. 1957 ఆగస్టు 31న, 49వ ఏట, మోతాదు మించిన నిద్రమందుల వల్ల మరణించాడు. అతని మనసులో ఏమున్నదో ఎవరూ నిర్ణయించలేరు. ప్రొపర్డిన్ మీద పనిచేస్తానంటే నలుగురూ జాలిపడే కాలం మాత్రం ఆ తరువాత దాదాపు పదేళ్ళు నడిచింది.

సహచరుడైన ఇర్విన్ లెపో, మరికొందరు ఆ పనిని వదలలేదు. 1968లో ప్రొపర్డిన్‌ను శుద్ధరూపంలో వేరుచేసి, అది యాంటీబాడీ కాదని చూపించారు. 1970లలో దానికి తోడుగా పనిచేసే ఫాక్టర్ బి, ఫాక్టర్ డి అనే ప్రోటీన్ల సంగతి తేలింది. అసలు కిటుకు ఇదీ: రక్తంలోని సి3 ఎవరూ పిలవకుండానే కొద్దికొద్దిగా నిరంతరం విచ్చుకుంటూ ఉంటుంది. విచ్చుకున్న ముక్క దగ్గరలో ఏది ఉంటే దానికి అతుక్కుంటుంది. మన కణాల మీద పడితే అక్కడి కళ్ళెపు ప్రోటీన్లు దాన్ని అణచివేస్తాయి. క్రిమి మీద పడితే అణచేవారు లేరు. ఫాక్టర్ బి వచ్చి చేరుతుంది, డి దాన్ని చీలుస్తుంది, ప్రొపర్డిన్ ఆ జంటను విడిపోకుండా పట్టి ఉంచుతుంది, ఆ జంట మరిన్ని సి3లను చీలుస్తుంది. 1982లో స్వీడనులో ఒక కుటుంబపు మగవారికి మెదడువాపు క్రిమి ప్రాణాంతకంగా సోకుతున్నదని, వారి రక్తంలో ప్రొపర్డిన్ లేదని తేలింది. పిల్లెమర్ మాట నిజమనడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

దీనికి వారు పెట్టిన పేరు 'ప్రత్యామ్నాయ మార్గం'. మళ్ళీ పేరులో పొరపాటే! యాంటీబాడీలు దవడలు గల జంతువులలోనే ఉన్నాయి. సి3 వంటి ప్రోటీన్లు సముద్రపు ఎనిమోనులలో, వెన్నెముకే లేని జీవులలో కూడా కనిపిస్తాయి. పెద్దన్న పూరకం, యాంటీబాడీ తరువాత వచ్చిన తమ్ముడు. ఇంట్లో అన్న ఉండగా తమ్ముడి పేరు చెప్పి అన్నను పరిచయం చేసినట్టున్నది మన వ్యవహారం.

ఆ కళ్ళెపు ప్రోటీన్ల గురించి ఒక మాట చెప్పి తీరాలి. మా పల్లెల్లో పోచమ్మ గుడి లేని ఊరు అరుదు. మశూచి ఆమె చేతిలోని రోగం. ఒకసారి అమ్మవారు పోసినవారికి మళ్ళీ పోయదని అందరికీ తెలుసు. ఆ మశూచి వైరసు మన కళ్ళెపు ప్రోటీన్లను పోలిన నకిలీ కళ్ళెమొకటి తయారుచేసుకొని, మన పూరకాన్ని మననుంచే ఆపుతుందని 2002లో తెలిసింది. టీకాలకు వాడిన వాక్సీనియా వైరసుకూ అటువంటిది ఉన్నదిగాని, మనిషి సి3 ముక్కను అణచడంలో మశూచిది దానికి దాదాపు నూరు రెట్లు. 1975 తరువాత మన దేశంలో మశూచి లేదు కనుక ఇది నిబ్బరంగా చదువుకోగల సంగతి.

గత్తర మాత్రం పూర్తిగా పోలేదు. దానికి నోటిద్వారా వేసే టీకాను హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 'శాంకాల్' పేరుతో తయారుచేసింది. 2009లో ఇక్కడ అనుమతి, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చాయి. ఆ సంస్థ దాని తయారీ మానుకున్నాక, 2024లో హైదరాబాదుకే చెందిన భారత్ బయోటెక్ 'హిల్‌కాల్' అనే టీకాను విడుదల చేసింది. ఇటువంటి టీకా పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి నేడు వాడే ముఖ్యమైన పరీక్ష ఏమిటో తెలుసా? టీకా తీసుకున్నవారి సీరాన్ని 56 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి దానిలోని పూరకాన్ని చంపుతారు. దానికి కలరా క్రిములను, గినీపంది తాజా సీరాన్ని కలుపుతారు. క్రిములు ఎంత పలుచన దాకా చచ్చాయో లెక్కపెడతారు. బోర్డే 1895లో గాజు గొట్టంలో చేసినది అదే. గినీపందిని కూడా ఇంకా మార్చలేదు.