ఈ సాయిబు యాస ఏ ఊరిది?

తెలుగు సినిమాలో సాయిబు నోరు తెరిస్తే 'నిమ్మల్కీ, నమ్మల్కీ' అంటాడు. ఇది ఏ ఊరి తెలుగు? వికారాబాద్ స్టేషన్లో వినం, తాండూరు నాపరాయి గనుల్లో వినం. తాండూరు తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజన దాన్ని ఇటు కలిపింది గానీ మా నాలుకల మీద గీత గియ్యలేదు. ఇంట్లో దక్కనీ, కందులు అమ్మవచ్చిన సేడం రైతుతో కన్నడం, బజార్లో తెలుగు. ఆ తెలుగు పక్కింటి గొల్లాయన మాట్లాడేదే. మధ్యలో ఒక 'నక్కో' దొర్లుతుందేమో. అదీ అరబ్బు దేశంనుంచి రాలేదు, మరాఠీది.

నటులు యాస మార్చుకోవద్దని మేం అనడం లేదు. 1974లో 'అంకుర్'లో షబానా ఆజ్మీ తెలంగాణ దళిత స్త్రీ లక్ష్మి అయి, దక్కనీ కలిసిన హిందీ మాట్లాడింది. ఎవరూ నవ్వలేదు. 2017లో 'ఫిదా' కోసం తెలుగు పిల్ల కాని సాయి పల్లవి తెలంగాణ యాస నేర్చుకుని తన గొంతే ఇచ్చింది. అంతకుముందు దశాబ్దాలపాటు ఆ యాస రౌడీలకూ హాస్యగాళ్లకే కదా! ఆ అవమానం పొరుగువాళ్లతో కలిసి మేమూ పడ్డాం. మాకు సాయిబు యాస అదనం. దాన్ని మా దగ్గర నేర్చుకోరు, పాత సినిమాల దగ్గర నేర్చుకుంటారు.

బళ్లో మా పిల్లలు పాఠం గడగడా అప్పజెప్తే 'నువ్వు ముస్లింవంటే నమ్మలేం' అంటారు, మెచ్చుకోలుగానే. అదే పిల్లవాడికి నాటకంలో సాయిబు వేషమిస్తే 'నిమ్మల్కీ' అనమంటారు. అమ్మీ నోట ఎన్నడూ వినని మాటను వాడు సినిమా చూసి నేర్చుకోవాలి.