అయిదు రూపాయల చేవ్రాలు

మహాపురుషుల చేవ్రాలు అడిగి పుచ్చుకొని పదిలపరచుకొను వేడుక మన పల్లెలకు క్రొత్త కాదు. సభ ముగియుటయే తడవుగా వేదిక చుట్టును మూగి, చేతనున్న చిన్న పుస్తకమునో, అది లేనిచో నోటు పుస్తకపు కాగితమునో, ఆహ్వాన పత్రికనో నాయకుని ముందు చాచు బాలబాలికలను చూడనివారు పెద్దలలో అరుదుగా నుందురు. సెల్‌ఫోనులు వచ్చిన పిదప చేవ్రాలు అడుగువారు తగ్గి, ప్రక్కన నిలిచి ఛాయాచిత్రము తీసికొనువారు హెచ్చిరి. అయినను ఈ వేడుకకు ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో మన దేశము వ్రాసిన అధ్యాయము తక్కిన దేశముల వానికంటె భిన్నమైనది. దానిని మన గ్రంథాలయ పాఠకుల ముందుంచవలెననియే ఈ ప్రయత్నము.

చేవ్రాలు అనునది మొదట వేడుక వస్తువు కాదు. హర్షవర్ధన చక్రవర్తి 628వ సంవత్సరమున ఇచ్చిన బాంస్‌ఖేరా తామ్రశాసనముపై ఆయన స్వహస్తముతో వ్రాసిన వ్రాలు, కడు ఒయ్యారమైన లిపిలో, రేకు మీద చెక్కబడి నేటికిని నిలిచియున్నది. దానమిచ్చిన భూమిని రేపు ఎవరును లాగికొనకుండుటకు అది రాజు ఇచ్చిన పూచీ. చేవ్రాలునకు విలువ దాని వెనుకనున్న మాటను బట్టి కలిగినది గాని, అక్షరముల అందమును బట్టి కాదు.

పెద్దలను వెదకికొని పోయి వారి చేత వ్రాయించుకొను అలవాటు పదునారవ శతాబ్ది నడుమ జర్మనీలోని విట్టెన్‌బర్గు విద్యార్థులలో ప్రబలినది. ఆ విశ్వవిద్యాలయమున లూథరు, మెలాంక్‌థను వంటి పండితులు బోధించుచుండిరి. శిష్యులు తమ గ్రంథములలోని ఖాళీ పుటలపై వారి చేత నాలుగు మంచి మాటలు వ్రాయించుకొనెడివారు. ఆ పుటలు చాలకపోగా గ్రంథముల నడుమ తెల్ల కాగితములు చేర్చి కుట్టించుకొనిరి. తుదకు దానికై వేరు పుస్తకములే వెలసినవి. వానికి లాటిను భాషలో స్నేహితుల పుస్తకములని పేరు. అందు వట్టి పేరు గీకి ఊరకుండుట మర్యాద కాదు. ఒక సూక్తి, దాని క్రింద పేరు, ఊరు, తేదీ ఉండవలెను. నేటి ఆటోగ్రాఫు పుస్తకమునకు అదియే ముత్తవ్వ.

రాజకీయ నాయకుని చేవ్రాలును ధర్మకార్యమునకై విక్రయించుట అమెరికా అంతర్యుద్ధ కాలమున స్పష్టముగా కానవచ్చుచున్నది. గాయపడిన సైనికుల సేవకై పెద్ద నగరములలో సంతలు జరిపెడివారు. 1863లో షికాగో సంతకు అబ్రహాం లింకను బానిస విమోచన ప్రకటన యొక్క తన స్వహస్త ప్రతినే ఇచ్చివేసెను. మూడువేల డాలర్లు పలికిన ఆ ప్రతి 1871 నాటి షికాగో అగ్నిప్రమాదములో బూడిదయైనది. మరుసటి సంవత్సరము, అనగా 1864లో, ఫిలడెల్ఫియా సంతకు ఆ ప్రకటన అచ్చుప్రతులు నలువదియెనిమిదింటిపై లింకను చేవ్రాలు చేసెను. ఒక్కొక్కటి పది డాలర్లు. చిత్రమేమనగా ఆ ధరకును ప్రతులన్నియు అప్పుడు అమ్ముడుపోలేదు! వానిలో ఒకటి 2012లో ఇరువది లక్షల డాలర్లకు పైగా వేలములో పోయినది.

ఇక మన దేశపు మాట. ఇచట ఈ వేడుకను పట్టి దేశకార్యమునకు నాగలి కట్టినవాడు మహాత్మాగాంధి.

నాయకుని దర్శనమునకు వెల యుండుట ఆంధ్రులకు 1921లోనే అనుభవమునకు వచ్చినది. ఆ యేట గాంధీజీ కాకినాడకు వచ్చుచున్నాడని విని, పండ్రెండేండ్లు నిండని దుర్గాబాయి అను బాలిక, దేవదాసీ స్త్రీలును ఘోషా స్త్రీలును ఆయన మాటలు వినవలెనని పట్టుపట్టెను. అయిదువేల రూపాయల నిధి కూర్చి యిచ్చినచో అయిదు నిమిషములు ఇప్పింతుమని నిర్వాహకులు చెప్పిరి. అంత పసిదానితో అంత మాట అన్నవారు అది జరుగునని తలచియుండరు. ఆమె ఆ సొమ్మును కూడబెట్టించినది. గాంధీజీ వచ్చి, అయిదు నిమిషములకు బదులు చాలసేపు మాటలాడెను. స్త్రీలు తమ నగలు తీసి ఆయన ముందు పోసిరి. ఆ బాలికయే తరువాత రాజ్యాంగ సభలో సభ్యురాలై, 1950 జనవరి 24న రాజ్యాంగ ప్రతిపై తక్కిన సభ్యులతో పాటు చేవ్రాలు చేసిన దుర్గాబాయి.

చేవ్రాలునకే నిర్ణీతమైన వెల ఏర్పడినది హరిజన యాత్ర నాటి మాట. 1933 నవంబరు 7న వార్ధా ప్రాంతమున బయలుదేరిన ఆ యాత్ర 1934 జూలై చివర కాశిలో ముగిసినది. గాంధీజీ పండ్రెండువేల అయిదు వందల మైళ్లు తిరిగి, హరిజన నిధికి ఇంచుమించు ఎనిమిది లక్షల రూపాయలు కూర్చెను. 1933 డిసెంబరులోను 1934 జనవరి మొదట్లోను ఆయన ఆంధ్రదేశమున సంచరించెను. ఆ యాత్రలో ఆయన చేతికి వచ్చినదేదియు ఊరక పోలేదు. సన్మాన పత్రము సమర్పించినచో దానిని అక్కడికక్కడే వేలము వేసెడివాడు. దానిని పెట్టి యిచ్చిన వెండి భరిణెకును అదే గతి. పత్రము వ్రాయించి చదివినవారే మరల పాట పాడి కొనుక్కొనవలసి వచ్చినప్పుడు వారి ముఖములు ఎట్లుండెడివో ఊహించుకొనవచ్చును! చేవ్రాలు కావలెనన్నచో అయిదు రూపాయలు. ధనికుడైనను విద్యార్థియైనను అదియే వెల.

ఆ రోజులలో అయిదు రూపాయలన్న తేలిక మాట కాదు. వ్యవసాయ కూలికి దినమునకు అణాలలో లెక్క. బడిపిల్లవాడు ఆ సొమ్ము తేవలెనన్నచో ఇంటివారిని బతిమాలవలెను, లేదా నలుగురు చేరి ఒక పుస్తకమునకు చందా వేసికొనవలెను. చేవ్రాలును అంగడి సరుకు చేసినాడని గొణిగినవారును లేకపోలేదు. నా అభిప్రాయమున ఆ గొణుగుట న్యాయము కాదు. అడిగినవారికెల్ల ఊరక వ్రాసి యిచ్చినచో ఆ కాగితము అడిగినవాని పెట్టెలో పడియుండును. అయిదు రూపాయలు చెల్లించినవాడు మాత్రము, తెలిసియో తెలియకయో, అంటరానితనమునకు ఎదురు నిలిచినవారి వరుసలో ఒక అడుగు వేసినవాడగును. నిధిలో తన పేరు చేరిన పిదప ఊరిలో హరిజనులకు నూతి కడ అడ్డుపడుట ఆ మనుష్యునికి కొంత కష్టమే.

ఆ యాత్ర ఉత్సవము కాదనియు మరువరాదు. పలుచోట్ల సనాతనులు నల్లజెండాలతో ఎదురు వచ్చిరి. 1934 ఏప్రిలులో బీహారునందలి జసిదీ కడ ఆయన యెక్కిన కారుపై కర్రలతో దాడి చేసిరి. జూను 25న పూనాలో ఆయన పరివారపు కారని తలచి మరియొక కారుపై బాంబు విసరిరి. గాంధీజీ బ్రతికి బయటపడెను, కాని ఇతరులు గాయపడిరి. అట్టి దినములలో ఆయన యెదుట పుస్తకము చాచుట వేడుకతో పాటు ఒక పక్షమున నిలుచుటయు నగును.

ఇంతకును ఈ యాత్రలోని చేవ్రాలు కథలలో మకుటము వంటిది మలబారులో జరిగినది. నాడు మలబారును మన సర్కారు జిల్లాలును ఒకే చెన్నరాజధానిలో భాగములు. ఆంధ్రదేశము విడిచిన కొలది దినములకే, 1934 జనవరిలో, గాంధీజీ వడకర అను ఊరిలో సభ జరిపి, స్త్రీలు తమ నగలు హరిజన నిధికి ఇవ్వవలెనని కోరెను. ఉపన్యాసము ముగిసి, వచ్చిన కానుకలను వేలము వేయుచుండగా కౌముది అను పదునారేండ్ల బాలిక మెల్లగా వేదిక యెక్కి వచ్చినది. చేతి గాజు ఒకటి తీసి, దీనికి చేవ్రాలు ఇత్తురా యని అడిగినది. ఆయన వ్రాయబోవుచుండగా రెండవ చేతి గాజును తీసినది. చేతికొక్క గాజే ఆమెకున్నది. రెండును అక్కరలేదు, ఒక గాజునకే చేవ్రాలు ఇత్తునని ఆయన చెప్పెను. ఆమె మాటలాడక మెడలోని బంగారు గొలుసు తీసినది. పొడుగాటి జడలో చిక్కుకొన్న దానిని విడదీసికొనుటకు ఆమెకు కొంతసేపు పట్టినది. వేలకొలది జనము చూచుచుండ ఆమె సంకోచపడలేదు. పిమ్మట చెవి కమ్మలు.

గాంధీజీ అచట ఆగి, తల్లిదండ్రుల అనుమతి కలదా యని అడిగెను. ఆమె వెంటనే బదులు పలుకలేదు. విచారింపగా తండ్రి ఆ సభలోనే యుండి, ఆయన వేలము వేయు సన్మాన పత్రములకు పాట పాడుచు సహాయము చేయుచున్నాడని తెలిసినది. అప్పుడు ఆయన ఒక షరతు పెట్టెను. ఇచ్చిన నగలకు బదులు మరల నగలు చేయించుకొనరాదు. ఆమె దృఢముగా ఒప్పుకొన్నది. విడిచిన నగలకంటె ఆ త్యాగమే నిజమైన నగ యను అర్థము వచ్చు మాటతో ఆయన ఆమెకు చేవ్రాలు ఇచ్చెను. పిదప తన 'హరిజన్' పత్రికలో ఈ వృత్తాంతమును కౌముది త్యాగమను పేరుతో తానే వ్రాసెను.

ఇచట పాఠకునికి ఒక సందేహము కలుగక మానదు. పదునారేండ్ల పిల్ల, జనసమూహము, ఎదుట మహాత్ముడు! ఆ ఉద్రేకములో చేసిన ప్రతిజ్ఞ జన్మమంతయు బంధించుట న్యాయమా? మన దేశమున నగలు లేని కన్య యన్నచో పెండ్లి మాటలే సాగని రోజులవి. గాంధీజీ నగలు పుచ్చుకొనుట తప్పని నేననను. అనుమతి అడిగెను, ఒక గాజు చాలుననెను. కాని ఆ షరతు బరువైన షరతు. దాని బరువు ఆ పిల్లకు ఆ క్షణమున తెలిసియుండునా?

ఈ ప్రశ్నపైననే ఆరేండ్లకు, మరియొక ఆటోగ్రాఫు పుస్తకములో, ఇద్దరు మహాపురుషులు తలపడిరి. 1940 ఫిబ్రవరిలో గాంధీజీ శాంతినికేతనమునకు పోగా ఒక యువతి తన పుస్తకము చాచినది. తొందరపడి మాట యీయరాదనియు, ఇచ్చిన పిదప ప్రాణము పోయినను నిలుపుకొనవలెననియు భావము వచ్చునట్లు ఆయన అందు వ్రాసెను. ఆ వ్రాత చూచి రవీంద్రనాథ టాగూరు కలవరపడెను. మట్టి సంకెలతో ఎవరిని గాని కలకాలము బందీ చేయలేరను అర్థముతో వంగభాషలో చిన్న పద్యము వ్రాసి, ఇచ్చిన మాట తప్పని తేలినచో దానిని విసరివేయుమని ఇంగ్లీషులో చేర్చెను. ఆటోగ్రాఫు పుటలపై వ్రాయుట టాగూరునకు అలవాటే. చైనా జపానులలో విసనకర్రలపైనను పట్టు గుడ్డలపైనను అడిగినవారికి వ్రాసిన ఇట్టి చిన్న పద్యములే ఆయన 'లేఖన్' అను పుస్తకమునకు మూలము. కాని ఈసారి వ్రాసినది మర్యాదకు వ్రాసినది కాదు, వాదము. ఇరువురును ఒకరినొకరు ఎంత గౌరవించుకొనిరో ఎల్లరెరుగుదురు. అయినను ఆ యువతి పుస్తకములో ఇరువురిలో ఎవరును వెనుదీయలేదు.

స్వరాజ్యము వచ్చిన తరువాత మన నాయకుల చేవ్రాలు ఉచితమైనది. అడిగిన వారికెల్ల వ్రాసి యిచ్చుట మర్యాదగా మారినది. అమెరికాలో ఈ మర్యాద ఎంత దూరము పోయినదనగా, అధ్యక్షుని పేరు వ్రాయుటకు యంత్రమే వచ్చినది. కెనెడీ అధ్యక్షుని చేవ్రాలులలో ఏవి ఆయనవి, ఏవి కార్యదర్శులవి, ఏవి యంత్రమువి యని తేల్చుటకు 1965లో ఒక గ్రంథమే వెలువడినది. యంత్రపు వ్రాలు పట్టుకొను ఉపాయము సులువు. రెండు కాగితములు ఒకదానిపై నొకటి పెట్టి వెలుతురునకు ఎదురుగా చూచినచో గీతకు గీత సరిపోవును. మనుష్యుని చేయి ఏనాడును రెండుసార్లు ఒక్కరీతిగా వ్రాయదు.

మన వంటి గ్రామ గ్రంథాలయముల సందర్శకుల పుస్తకములలోను, పాత చందాదారుల ఇండ్లలోని పెట్టెలలోను ఇట్టి పుటలు ఇంకను ఉండవచ్చును. ఉన్నచో వానిని చించి పటము కట్టించి ఎండ తగులు గోడకు వ్రేలాడదీయుట కూడదు. వెలుతురునకు సిరా వెలిసిపోవును. ఎప్పుడు, ఏ సభలో, ఎవరు అడిగి వ్రాయించుకొనిరో తెలిసిన పెద్దలు బ్రతికియుండగనే వేరు కాగితముపై వ్రాసి దానితో చేర్చియుంచుట మేలు. వడకరలో ఆ సాయంకాలము ఏమి జరిగినదో గాంధీజీ తన పత్రికలో వ్రాయకున్నచో కౌముది దాచుకొన్న కాగితము ఒక పేరు మాత్రమే.

ఆ కౌముది తరువాత హిందీ ఉపాధ్యాయినియై, కౌముది టీచరని కేరళమంతట ప్రసిద్ధి చెందినది. వివాహము చేసికొనలేదు. 2009లో మరణించువరకు, డెబ్బదియైదేండ్లు, ఆమె ఒంటిపై బంగారము పెట్టలేదు.