రెయిడ్ పుట్టిన కథ, మా ఇంటి కార్డు కథ

మా నాయనకు హోసూరులో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు తీసిన ఫోటోలన్నీ మా ఇంట్లోని కంప్యూటర్‌లోనే ఉంటాయి. పోయిన ఏడు పెళ్లిళ్ల సీజన్‌లో ఒకరోజు కంప్యూటర్ ఆన్ చేస్తే ఫోటోలున్న డ్రైవే కనిపించలేదు. లోపల నాలుగు హార్డ్ డిస్కులు. నాలుగూ బాగానే తిరుగుతున్నాయి. పోయింది వాటిని ఒకటిగా కలిపి నడిపే రెయిడ్ కార్డు. అది సెకండ్ హ్యాండ్‌ది. "సాఫ్ట్‌వేర్‌తో కలిపితే నమ్మకం లేదు సార్, కార్డయితే గట్టిది" అని చెప్పి అమ్మారంట.

డిస్కులు బాగుండి ఫోటోలు రాకపోవడం ఏమిటని నాకు అర్థం కాలేదు. అందుకే రెయిడ్ చరిత్ర వెతికి చదివాను.

1956లో ఐబీఎం తెచ్చిన ర్యామాక్ అనే యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిసి పట్టేది 50 లక్షల అక్షరాలు. మా నాయన కెమెరా తీసే ఒక్క పెద్ద ఫోటోకు కూడా అది చాలదు! 1980ల నాటికి పెద్ద కంప్యూటర్లకు చాలా ఖరీదైన డిస్కులు, ఇళ్లలో వాడే కంప్యూటర్లకు చిన్న చవక డిస్కులు వచ్చాయి. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక వ్యాసం రాశారు. ఒక పెద్ద డిస్కు కొనే బదులు చవక డిస్కులు చాలా కలిపి వాడుకోవచ్చన్నది వాళ్ల మాట. రెయిడ్ అన్న పేరు అక్కడే పుట్టింది. అందులో 'ఐ' అక్షరానికి వాళ్లు చెప్పిన అర్థం 'చవకైన' అని. తర్వాత కంపెనీలు దాన్ని 'స్వతంత్రమైన' అని మార్చుకున్నాయి. అమ్మేవాళ్లకు చవక అన్న మాట నచ్చదు కదా!

కానీ ఒక చిక్కు ఉంది. ఒక డిస్కు సగటున 30,000 గంటలు పనిచేస్తుందనుకుంటే, 100 డిస్కులు కలిపినప్పుడు 300 గంటలకే ఏదో ఒకటి పోతుంది. అంటే రెండు వారాలు కూడా కాదు. దీనికి వాళ్లు వాడిన ఉపాయం పారిటీ. మూడు డిస్కుల్లో 1, 0, 1 ఉన్నాయనుకోండి. ఒకట్ల సంఖ్య సరిగా ఉండేలా నాలుగో డిస్కులో 0 రాస్తాం. మూడోది పోతే మిగిలినవి 1, 0, 0. ఒకట్లు సరిసంఖ్య కావాలంటే పోయింది 1 అయి తీరాలి. మా లెక్కల సార్‌కు చూపిస్తే ఇది ఆరో తరగతి పిల్లలకు కూడా చెప్పొచ్చన్నారు.

నాకు బాగా నచ్చింది తర్వాతి సంగతి. బర్క్‌లీ వాళ్లు కట్టిన మొదటి యంత్రం కార్డుతో కాదు, సాఫ్ట్‌వేర్‌తోనే నడిచింది. సన్ కంపెనీ కంప్యూటర్‌కు 28 డిస్కులు తగిలించారు. ఒక్క డిస్కే సెకనుకు 1.3 మెగాబైట్లు ఇస్తే, 28 కలిసి ప్రోగ్రామ్‌కు అందించింది 2.3 మెగాబైట్లే! తప్పు డిస్కులది కాదు, ఆ కంప్యూటర్ మెమరీ దారి ఇరుకు. అందుకని రెండో యంత్రానికి పారిటీ లెక్క వేసే బోర్డు వేరేగా తయారుచేశారు. అప్పుడు వేగం సెకనుకు 20 మెగాబైట్ల దాకా పెరిగింది.

అంటే ఆ రోజుల్లో విడి బోర్డు నిజంగానే అవసరం. ఇప్పుడు ఇంట్లో ఉండే మామూలు ప్రాసెసర్ కూడా పారిటీ లెక్కను సెకనుకు వేల మెగాబైట్ల వేగంతో వేస్తుంది. హార్డ్ డిస్కులు అంత వేగంగా ఇవ్వనే లేవు. కార్డు చేసే పనిని ప్రాసెసర్ ఎప్పుడో అందుకుంది, 'కార్డయితే గట్టిది' అన్న మాట మాత్రం బజారులో మిగిలిపోయింది. మంచి కార్డుకు బ్యాటరీ ఉంటుంది, మధ్యలో కరెంటు పోయినా రాయాల్సింది పోదు. ఆ మేలు నేను ఒప్పుకుంటాను. మా కార్డు బ్యాటరీ మాత్రం కొన్నప్పుడే చచ్చిపోయి ఉందంట.

అసలు ఇబ్బంది ఇంకొకటి. ఏ డిస్కులో ఏ ముక్క ఉందో ఆ కార్డు తన పద్ధతిలో రాసుకుంటుంది. వేరే కంపెనీ కార్డుకు ఆ రాత అర్థం కాదు. నాయన, నేను మూడు ఆదివారాలు బస్సెక్కి బెంగళూరు ఎస్.పి. రోడ్డులో తిరిగాం. ఆ రోజుల్లోనే ఒక అవ్వ స్టూడియోకు వచ్చి, చనిపోయిన తన భర్త ఫోటో పెద్దది చేసివ్వమని అడిగింది. మనవరాలి పెళ్లిలో తీసిందొక్కటే ఆయన మంచి ఫోటో. "కంప్యూటర్ రిపేరులో ఉంది, వచ్చే వారం రా అవ్వా" అని నాయన రెండుసార్లు తిప్పి పంపాడు. ఆ రాత్రి సరిగా అన్నం కూడా తినలేదు.

మూడో ఆదివారం ఒక పాత సామాన్ల అంగట్లో అదే మోడల్ కార్డు దొరికింది. డ్రైవ్ కనిపించగానే ఫోటోలన్నీ బయటి డిస్కులోకి కాపీ చేశాం, రెండు రాత్రులు పట్టింది. తర్వాత కార్డు తీసేసి, అవే నాలుగు డిస్కులను లినక్స్‌లో ఎండీఎడిఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిపాం. దాన్ని 2001లో మొదలుపెట్టింది నీల్ బ్రౌన్. ఇది కూడా తన రాతను డిస్కుల్లోనే పెట్టుకుంటుంది, కానీ ఆ రాత ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. నమ్మకం కుదరక డిస్కులు ఊడదీసి మా మామ వాళ్ల పాత కంప్యూటర్‌కు పెట్టి చూశాం. అక్కడా లినక్స్ వేస్తే ఫోటోలన్నీ వచ్చాయి.

కాపీ చేసిన బయటి డిస్కు ఇప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో బీరువాలో ఉంది. పొరపాటున డిలీట్ చేస్తే రెయిడ్‌లో నాలుగు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుందని నాయనకు నేనే చెప్పాను. అవ్వకు ఫోటో ఫ్రేము కట్టించి ఇచ్చాం. నాయన డబ్బులు తీసుకోలేదు.