వృద్ధరోగుల పథ్యమున రుచి

రోగికి మందెంత ముఖ్యమో పథ్యమంత ముఖ్యమని మన పెద్దలు ఏనాడో గ్రహించిరి. ఆ పథ్యము రోగి నోటికి హితవుగా నుండవలెననుటయు వారెరిగినదే. చరకసంహిత సూత్రస్థానమున రెండవ అధ్యాయమందు 28 యవాగువులు, అనగా జావలు, చెప్పబడియున్నవి. వానిలో నొకదానిని దానిమ్మతో పులుపెక్కించి అతిసార రోగులకిమ్మనిరి. తేనెతోనో, నేతితోనో, మజ్జిగతోనో మందు మ్రింగించు అనుపాన పద్ధతి మన యిండ్లలో నేటికిని ఉన్నది.

పాశ్చాత్యదేశములందు ఈ విషయమును సూటిగా చర్చించినది ఫ్లారెన్స్ నైటింగేల్. 1860 ప్రాంతమున వెలువడిన తన పరిచర్యాగ్రంథములో, చుట్టును ఆహారముండగనే రోగులు పస్తులుండుచున్నారని ఆమె వాపోయినది. రోగి తినగల వేళ కనిపెట్టి చెంచాడు చెంచాడుగా నీయవలెననియు, తినక విడిచినదానిని మంచము ప్రక్క నుంచరాదనియు ఆమె మతము. బలమిచ్చునని అందరును నమ్మిన మాంసపు చారులో సారము మిక్కిలి స్వల్పమని కూడ ఆమె చెప్పినది. నూటయరువదియేండ్లు దాటినను ఈ మాటలలో కొట్టివేయదగినది నాకు కనబడదు.

మన దేశమున పోషకాహార పరిశోధన 1918లో నీలగిరులందలి కూనూరున మెకారిసన్ చేతులమీదుగ చిన్నదిగా ప్రారంభమైనది. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. మైసూరున 1950లో వెలసిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము వేరుసెనగపిండి మూడుపాళ్లు, సెనగపిండి ఒకపాలు కలిపి, విటమినులు చేర్చి ఒక బలవర్ధక మిశ్రమమును రూపొందించెను. నిత్యపు వంటలలో కలుపుకొనుటకై ఉద్దేశింపబడినది కనుక జనులు క్రొత్త రుచి యేదియు నేర్వనక్కరలేకపోయెను. ఆ యోచన గమనింపదగినది.

నేడు ఆసుపత్రులలో నిచ్చు పోషకపానీయములు బలమున కొదువలేనివి. 200 మిల్లీలీటర్ల సీసాలో 300 కిలోకాలరీలుండునవి కలవు. కాని త్రాగినగదా ఫలము! 2012లో వెలువడిన యొక సమీక్ష ప్రకారము, విధించినదానిలో ఆసుపత్రి రోగులు సగటున 67 శాతమే సేవించుచుండగా, ఇండ్లలోనివారు 81 శాతము సేవించుచున్నారు. ముదిమిలో వాసన తెలియుట తగ్గును, మందులవలన నోరెండును, తీపి త్వరగా మొగము మొత్తును. పాలవిరుగుడు మాంసకృత్తులవలన కలుగు నోటి పొడితనము గ్రుక్క గ్రుక్కకు పెరుగునని ఇంగ్లండున రెడింగు విశ్వవిద్యాలయమువారు కనుగొనిరి. కావుననే చల్లార్చి, తక్కువ కొలతతో దినమునకు పలుమార్లిచ్చుట, తీపిని మాని ఉప్పని రుచులలో చేయుట మొదలైన ఉపాయములు పుట్టినవి.

మాది మైసూరున మూడుతరములుగ స్థిరపడిన కుటుంబము. కొన్నియేండ్ల క్రిందట మా మేనత్తగారు తుంటియెముక విరిగి ఒక ఆసుపత్రిలో నుండిరి. తీపివాసన వేయు పానీయపు సీసా ఉదయము వచ్చి, మూతయైన తీయకుండ సాయంకాలము పోవుచుండెను. ఆమెకు కన్నడము చక్కగ వచ్చును. భాష అడ్డు కాదు. ఏమి తినెదరని అడిగినవారే లేరు. మేమును అడుగలేదు, అది మా తప్పు. తుదకు ఆహారనిపుణురాలొకతె అడుగగా, "ఈ తీపి నాకు వెగటు తల్లీ! ఉప్పువేసిన రాగిజావ యైన నాలుగు గుటకలు మ్రింగెదను" అనిరి.

వైద్యుని అనుమతిపై తీపిలేని పొడి తెప్పించితిమి. మరుగుచున్న జావలో వేసిన ఉండకట్టును. గోరువెచ్చనైన పిదప మజ్జిగలో కలిపి చేర్చవలెను. కొంచెము జీలకఱ్ఱపొడి వేసి ఇంటి గిన్నెలోనే యిచ్చితిమి. మొదటినాడు నాలుగు చెంచాలు. వారమునాటికి గిన్నెలో సగము.