ఫుట్‌బాలు చరిత్రలో మన ఆడపడుచు

మన పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర సీమే. బడిలో కన్నడము, ఇంట తెలుగు – ఇట్లా రెండు భాషల నడుమ పెరిగే బిడ్డలు మనవారు. వారిలో ఆడపిల్లల కొరకై ఈ ఉగాది వేళ ఒక తెలుగు క్రీడాకారిణి చరిత్రను చెప్పుకొనుట ఉచితముగా తోచినది.

ఫుట్‌బాలు అనగానే హైదరాబాదు జ్ఞాపకం రావడం సహజమే. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకమును పొందినది. సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడినాడు. అయితే అంతటి ఘనచరిత్రలో ఒక్క స్త్రీ పేరైనా కనిపించదు. చేతకాక కాదు, ఆడుటకు చోటు లేక!

ఈ లోటు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో 1920 డిసెంబరులో, లివర్‌పూల్ నగరంలో, స్త్రీల పోటీని చూడడానికి 53 వేల మంది వచ్చారు. మరుసటి డిసెంబరులోనే అక్కడి ఫుట్‌బాలు సంఘం తన మైదానాలలో స్త్రీలు ఆడరాదని కట్టడి చేసినది. సుమారు అర్ధ శతాబ్దం ఆ కట్టడి నిలిచినది.

మన దేశంలో మహిళా ఫుట్‌బాలు సమాఖ్య 1975లో ఏర్పడినది. 1979–80లో కోజికోడులోను, 1983లో బాంగ్‌కాక్‌లోను జరిగిన ఆసియా పోటీలలో మన అమ్మాయిలు రెండవ స్థానంలో నిలిచారు. 1983లో శాంతి మల్లిక్‌కు అర్జున పురస్కారం లభించినది. అయినా మహిళా క్లబ్బులకు జాతీయ లీగు 2016–17 వరకు రానేలేదు.

ఆ లీగులో పేరు తెచ్చుకొన్న తెలుగు బిడ్డ నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య. వెనుకవారు కాపాడిన బంతిని అందుకొని ముందువారికి చేర్చుట మధ్య వరుస వారి పని. గోలు కొట్టినవారి పేరు పత్రికలకెక్కుతుంది. బంతిని మోసుకువచ్చిన వారి శ్రమ మైదానంలోనే మిగిలిపోతుంది. సౌమ్య ఆట మైదానపు అంచు వెంబడి, మధ్య వరుసకూ ముందు వరుసకూ నడుమ సాగుతుంది. మోయుటా ఆమెదే, సమయం చిక్కితే కొట్టుటా ఆమెదే.

2022లో మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కూడ ఆమె క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరినది. 2024–25లో ఈస్ట్ బెంగాల్ జట్టుతో జాతీయ లీగు గెలిచినది. 2025లో అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నుకొన్నది. ఆ యేడు జూన్‌లో, ఆసియా కప్పు అర్హత పోటీలలో మంగోలియాపై 13–0 గెలుపులో రెండు గోల్సు ఆమెవే. జూలై 5న థాయిలాండుపై 2–1తో గెలిచి భారత జట్టు అర్హత పొందినది. ఆనాటి రెండు గోల్సూ మధ్య వరుసలోని సంగీతా బాస్ఫోర్‌వే.

ఈ చరిత్ర మనకు చెప్పేది ఒక్కటే. ఆడపిల్లల కాళ్లలో బలం ఎన్నడూ లేకపోలేదు. మైదానం, శిక్షకుడు, లీగు – ఈ మూడూ సమకూడిన తరువాతనే ఆ బలం లోకానికి కనబడినది. మన ఊళ్లలోనూ బడి మైదానాలున్నవి. సాయంత్రం ఒక గంట అవి ఆడపిల్లలవి కావాలి. ఇంట పెద్దలు “వెళ్లి ఆడుకో తల్లీ” అనాలి. క్రొత్త సంవత్సరమున మన సంఘం తలపెట్టదగిన మంచి పని ఇంతకంటె మరొకటి ఏమున్నది?