గురజాల నుంచి ఇంటికి ఉత్తరాలు

ఇంతవరకు మీరు రెవెన్యూ లెక్కలను, కలెక్టర్ల నివేదికలను ఆధారాలుగా పరిశీలించారు. కుటుంబ జీవితం గురించి అవి చెప్పేది చాలా తక్కువ. అందుకు ఉత్తరాలు చూడాలి.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్‌నే తీసుకోండి. ఈ లూథరన్ మిషనరీ 1842లో అమెరికా నుంచి గుంటూరు వచ్చాడు. 1849లో పల్నాడులోని గురజాలకు మారాడు. భార్య 1839లోనే మరణించింది, పిల్లలు సముద్రానికి అవతల ఉన్నారు. ఆ రోజుల్లో జాబు చేరడానికి నెలలు పట్టేది. జబ్బు చేసిందని రాస్తే, అది అందేలోగా రాసినవారు కోలుకోవచ్చు, చనిపోనూవచ్చు. కాబట్టి రాసిన తేదీ, అందిన తేదీ రెండూ చూడనిదే ఉత్తరాన్ని ఆధారంగా తీసుకోకండి.

అదే కాలంలో అమెరికా దక్షిణాది పత్తి తోటల యజమానులూ విరివిగా ఉత్తరాలు రాసుకున్నారు. అక్కడ అనేక రాష్ట్రాల్లో బానిసలకు చదువు నేర్పడం నేరం. అయినా అలబామా తోటలోని లూసీ స్కిప్‌విత్ అనే బానిస స్త్రీ యజమానికి రాసిన ఉత్తరాలు మిగిలాయి. పల్నాడులో అలాంటి చట్టం లేదు. ఆ పని కులమూ పేదరికమూ చేశాయి. దొరల ఇళ్లలో వండినవారు, నీళ్లు మోసినవారు ఇతరుల ఉత్తరాల్లోనే, తరచు పేరైనా లేకుండా, కనిపిస్తారు. చదివేటప్పుడు వారి ప్రస్తావన ఎక్కడ వచ్చిందో గుర్తు పెట్టుకోండి.