రెండు పుస్తకాలతో వచ్చిన కోడలు



ఈమధ్య ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళినప్పుడల్లా తల్లులు అడిగే మాట ఒకటే. "అయ్యగారూ, పిల్లాడి చేతిలో ఫోను లేకపోతే ముద్ద దిగడం లేదు. ఎలా మాన్పించాలి?" మాన్పించడం సగం పనే. మాన్పించాక ఆ చేతిలో ఏం పెడతాం అన్నది మిగతా సగం. ఫోను మన కాలానిదే గానీ ఈ చిక్కు కొత్తది కాదు. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి విశ్వాసులు కూడా ఇంట్లోకి ఏ పుస్తకం రావాలి, ఏది గడప దాటకూడదు అని మథనపడ్డారు. వాళ్ళు ఏం చేశారో ఈ వారం చూద్దాం.

ఇంగ్లాండులో బెడ్‌ఫర్డ్ పట్టణం దగ్గర ఎల్‌స్టో అనే పల్లె ఉంది. 1628లో జాన్ బన్యన్ అక్కడ పుట్టాడు. తండ్రిలాగే గిన్నెలకు మాట్లు వేసుకుని బతికేవాడు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో పెళ్ళయింది. తన ఆత్మకథలో భార్య పేరు రాయలేదు గానీ, ఆమె పుట్టింటి నుంచి ఏం తెచ్చిందో మాత్రం రాశాడు. ఇద్దరి దగ్గరా కలిపి చెప్పుకోదగ్గ గిన్నే గరిటే కూడా లేవట. ఆమె తెచ్చినవి రెండు పుస్తకాలు. ఒకటి ఆర్థర్ డెంట్ రాసిన 'సామాన్యుడు పరలోకానికి వెళ్ళే దారి', రెండోది లూయిస్ బేలీ రాసిన 'భక్తి సాధన'. ఆమె తండ్రి చనిపోతూ ఆ రెండూ కూతురికి విడిచిపెట్టాడు.

ఆ పుస్తకాలు చదవగానే బన్యన్ మారిపోలేదు. అప్పుడప్పుడు భార్యతో కలిసి కూర్చుని చదివేవాడు. చదువుతున్నప్పుడు ఆమె తన తండ్రి సంగతి చెప్పేది. ఆయన ఎంత భక్తిగా బతికాడో, ఇంట్లో గానీ ఇరుగుపొరుగులో గానీ తప్పు కనిపిస్తే ఎలా గద్దించేవాడో చెప్పేది. దానితో దేవుని విషయాల మీద తనకు ఏదో ఒక ఆశ కలిగిందని బన్యన్ ఒప్పుకున్నాడు. ఇక్కడ కాస్త ఆగుదాం. పుస్తకం ఒక్కటే ఆ పని చేయలేదు. చదివి, ఆ ప్రకారం బతికిన ఒక తండ్రి జ్ఞాపకం దాని వెనుక ఉంది. పక్కన కూర్చుని చదివిన ఒక భార్య ఉంది.

తర్వాతి సంగతి మనలో చాలామందికి తెలుసు. ప్రభుత్వం ఒప్పుకోని ప్రసంగాలు చేశాడని 1660లో ఆయన్ని చెరలో వేశారు. పన్నెండేళ్ళు ఉన్నాడు. బైబిలు, జాన్ ఫాక్స్ రాసిన హతసాక్షుల చరిత్ర అక్కడ ఆయనకు తోడు. 1678లో 'యాత్రికుని ప్రయాణం' అచ్చయింది. అది తెలుగులోకీ వచ్చింది. మన పెద్దల తరంలో బైబిలు, కీర్తనల పుస్తకం పక్కన అది కూడా ఉన్న ఇళ్ళు ఉన్నాయి.

ఇందులో మనం మరచిపోకూడని మలుపు ఒకటుంది. మారుమనస్సు పొందక ముందు బన్యన్‌కు చౌకబారు కథల పుస్తకాలంటే పిచ్చి. గుర్రం మీద వీరులు, రాక్షసులు, కోటలు. వాటి ముందు తనకు లేఖనాలు చప్పగా తోచేవని తర్వాత బాధపడుతూ రాసుకున్నాడు. కానీ 'యాత్రికుని ప్రయాణం' తెరిచి చూడండి. అపొల్లియోనుతో యుద్ధం ఉంది. నిరాశ అనే రాక్షసుడు ఉన్నాడు, వాడికొక కోట ఉంది. పాత కథల రూపురేఖలే ఇప్పుడు ప్రభువు సేవకు వచ్చాయి. అందుకే ఆ రోజుల్లో భక్తిపరులు కొందరు ఈ పుస్తకాన్నే అనుమానించారు. దేవుని సంగతులు కట్టుకథగా చెప్పవచ్చా అని అడిగారు. అచ్చు వేయమన్నవారూ ఉన్నారు, వద్దన్నవారూ ఉన్నారని ముందుమాటలో బన్యనే చెప్పాడు. వద్దన్నవారి మాటే నెగ్గి ఉంటే ఇన్ని తరాల ఇళ్ళకు ఆ పుస్తకం అందేది కాదు. కాబట్టి "కథ అంతా పాపం, పాట అంతా పాపం" అని ఒక్క గీత గీసేయడం వివేచన అనిపించుకోదు.

ఇక వందేళ్ళు ముందుకు వద్దాం. 1780లో గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ ప్రోత్సాహంతో మొదలైన సండే స్కూలు ఊరూరా పాకింది. కూలివాళ్ళ పిల్లలకు చదవడం వచ్చింది. మరి చదవడానికి ఏముంది? ఊళ్ళు తిరిగే చిల్లర వ్యాపారులు మూటల్లో తెచ్చే బూతుకథలు, దొంగల కథలు, జోస్యాల పుస్తకాలు. చదువు నేర్పినవాళ్ళే ఆ చదువును ఎవరి చేతిలో పెడుతున్నారో చూడాల్సి వచ్చింది.

1789 నుంచి చెడ్డార్ అనే పల్లెలో సండే స్కూలు నడిపిన హన్నా మోర్ దీనికి ఒక దారి వెదికింది. 1795లో చౌక కరపత్రాల వరుస ఒకటి మొదలుపెట్టింది. అర పెన్నీకి, ఒక పెన్నీకి దొరికేవి. పైన చెక్క అచ్చు బొమ్మ, లోపల కథ గానీ పాట గానీ. చూడటానికి అచ్చం ఆ మూటల్లోని పుస్తకాల్లాగే ఉండేవి. అమ్మింది కూడా అదే చిల్లర వ్యాపారుల చేత. ఏడాది తిరిగేసరికి 20 లక్షల ప్రతులు వెళ్ళిపోయాయి. 1798లో ఆ వరుస ఆగింది. మరుసటి ఏడే లండన్‌లో రిలిజియస్ ట్రాక్ట్ సొసైటీ పుట్టి ఆ పని అందుకుంది.

అయితే ఆ కరపత్రాల్లో లోపం లేదనుకోకండి. సువార్తతో పాటు "పేదవాడు పేదవాడిగానే తృప్తిగా ఉండాలి, పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదు" అనే ధోరణి కూడా వాటిలో ఉంది. దొరల భయాన్ని దేవుని మాటతో కలిపి ఇచ్చారు. క్రైస్తవ ముద్ర ఉన్న ప్రతిదీ క్రీస్తుది కాదు. అపొస్తలుడైన పౌలు బోధనే బెరయవారు లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17లో చదువుతాం. మన ఫోనులో "దైవజనుడు" అని పేరు పెట్టుకుని, కానుక పంపితే అప్పు తీరుతుందని చెప్పే వీడియోను సరిచూడకుండా వదలవచ్చా? సినిమా పాట వద్దని పిల్లల్ని కొట్టి, ఇలాంటివి మనమే పెద్ద శబ్దం పెట్టి వింటే ఇంట్లోకి విషం ఇంకో ద్వారాన వచ్చినట్టే.

మూడోది 1879 నాటి సంగతి. అప్పటికి ఇంగ్లాండు మగపిల్లలు నెత్తురు, దొంగతనాలు నిండిన ఒక పెన్నీ వారపు కథలకు మరిగారు. వాటిని 'పెన్నీ డ్రెడ్‌ఫుల్' అనేవారు. పైన చెప్పిన ట్రాక్ట్ సొసైటీ వాటిని తిట్టడంతో సరిపెట్టలేదు. ఆ జనవరిలో 'బాయ్స్ ఓన్ పేపర్' అనే వారపత్రిక తెచ్చింది. వెల అదే ఒక పెన్నీ. మొదటి సంచికలో మొదటి కథ ఫుట్‌బాల్ ఆట గురించి. తర్వాత జూల్స్ వెర్న్ సాహసకథలూ వచ్చాయి. పిల్లలు ప్రసంగం అనుకుని పారేయకుండా సొసైటీ పేరు కూడా ముందు పెట్టలేదు. మరుసటి ఏడు ఆడపిల్లలకు కూడా ఒక పత్రిక వచ్చింది. అబ్బాయిల పత్రిక 1967 దాకా నడిచింది. పిల్లవాడికి ఆట కావాలి, సాహసం కావాలి, నవ్వు కావాలి. అవి దేవుడు పెట్టిన ఆకలులే అని వాళ్ళు గుర్తించారు.

మన తెలుగు సంఘానికీ ఇలాంటి స్వాస్థ్యం ఉంది. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) సువార్తను పరాయి రాగంలో పాడమనలేదు. మన జనం చెవికి అలవాటైన కీర్తన పద్ధతిలో, రాగతాళాలతో రాశారు. అక్షరం రాని మన ముత్తవ్వలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కంఠతా పాడారు. పుస్తకం తెరవలేని ఇంట్లో కూడా వాక్యం నిలిచింది.

ప్రభువు చెప్పిన ఖాళీ ఇల్లు గుర్తుందా? మత్తయి 12లో ఉంది. దయ్యం పోయింది, ఇల్లు ఊడ్చి అమర్చారు, కానీ లోపల ఎవరూ లేరు. అందుకే పోయినది మరో ఏడుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఫోను లాక్కుని ఖాళీ చేతిని వదిలేసిన ఇల్లు అలాంటిదే. ఎఫెసు విశ్వాసులు 50,000 వెండి నాణేల విలువైన మంత్రాల పుస్తకాలు కాల్చారు. అవి పక్కవాళ్ళవి కావు, సొంతవే. కాల్చింది కూడా పిల్లలు కాదు, పెద్దలు.

కాబట్టి ఈ నెలలో ప్రతి కుటుంబం ఈ నాలుగు పనులు చేయమని బతిమాలుతున్నాను. రాత్రి భోజనం దగ్గర ఫోనులన్నీ ఒకచోట పెట్టండి, నాన్న ఫోను ముందు పెట్టాలి. తర్వాత ఒక అరగంట అందరూ కలిసి చదవండి. బైబిలు కథ గానీ, యాత్రికుని ప్రయాణం గానీ, మిషనరీ జీవితచరిత్ర గానీ కావచ్చు. చదవలేని అమ్మమ్మలు తమ సాక్ష్యం చెప్పండి, ఒక కీర్తన నేర్పండి. పిల్లలు ఫోనులో ఏదైనా చూస్తే పక్కన కూర్చుని చూడండి, అయ్యాక "ఇందులో నిజం ఏమిటి? ఎవరిని చులకన చేశారు? ఇది చూశాక ప్రార్థన చేయాలనిపిస్తుందా?" అని అడగండి. ఇంట్లో మాట్లాడేటప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వాక్యం నేర్పమని ద్వితీయోపదేశకాండము 6 చెబుతున్నది ఇదే.

కట్నం అన్న మాట దేవుని బిడ్డల ఇంట వినపడకూడదు. కానీ మన కూతురు రేపు అత్తవారింటికి వెళ్ళేటప్పుడు మనసులో ఏం పట్టుకెళ్తుందో ఈరోజే ఆలోచించండి. ఎల్‌స్టోకు వచ్చిన ఆ పేద కోడలి దగ్గర రెండు పుస్తకాలు, ఒక మంచి తండ్రి జ్ఞాపకం ఉన్నాయి. పుస్తకాలు మనం కొనివ్వగలం. రెండోది మనం బతికి చూపించాలి.

ప్రభువు మీ ఇంటిని తన వాక్యంతో నింపును గాక. ఆమేన్.